గదిలో నేనొక్కదాన్నే

మా ఇంట్లో దయ్యాల మాట ఎత్తితే నవ్వుతారు, లేదంటే కసురుకుంటారు. మా నాన్న చర్చి సంఘంలో పెద్ద. రాత్రి జీడితోటలో తెల్లగా ఏదో కదిలిందని ఎవరైనా వచ్చి చెబితే, "కొబ్బరి మట్టయి ఉంటాది, ఎల్లి పడుకో" అని అక్కడితో తుంచేసేవారు. నాదీ అదే తీరు. పైగా టెక్కలిలో బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను. ఒకదానికి కారణం నాకు తెలియకపోవడం వేరు, అసలు కారణమే లేకపోవడం వేరు అని వాదించేదాన్ని. ఇప్పుడు కూడా దయ్యాన్ని నమ్ముతున్నానని అనను. ఇందులో చనిపోయినవాళ్ళెవరూ లేరు. నాకు అదే ఎక్కువ భయం.

ఇది చెప్పుకుంటే నా పరువే పోతుంది. అందుకే ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. టైముల దగ్గర మాత్రం నన్ను నమ్మొచ్చు, ఎందుకంటే అవన్నీ ఫోన్లో స్క్రీన్‌షాట్లుగా ఉన్నాయి.

మాది ఉద్దానంలో ఒక ఊరు. పలాస నుంచి ఆటోలో ముప్పావు గంట. మా పెరడు దాటితే మా మేనత్త ఇల్లు. ఆమె పేరు మాణిక్యం. పెళ్ళయిన మూడేళ్ళకే మావయ్య పోయాడు, పిల్లలు లేరు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ బల్ల దగ్గర ఇరవై ఏళ్ళు పైగా కూర్చుంది. నన్ను సగం అమ్మ పెంచితే సగం అత్త పెంచింది. నేను ఆమెను మోసం చేశాను కాబట్టే ఈ కథ ఉంది.

డిగ్రీ అయ్యాక నేను ఎన్ని ఇంటర్వ్యూలకు కూర్చున్నానో చెప్పను. వాటిలో మనిషి అడిగినవి మూడో నాలుగో, అవి కూడా ఫోన్లోనే. మిగతావన్నీ యంత్రం అడిగినవే. ల్యాప్‌టాప్ ముందు కూర్చోవాలి. ఒక తీయని గొంతు ఇంగ్లీషులో ప్రశ్న వేస్తుంది. తెర మీద సెకన్లు తగ్గుతుంటాయి. ఒక మూల మన మొహం మనకే కనబడుతూ, ఎంత చెమట పట్టిందో చూపిస్తూ ఉంటుంది. రెండు రోజులకు మెయిల్ వస్తుంది. వద్దన్నారని ఉంటుంది గానీ ఎందుకు వద్దన్నారో ఉండదు.

నన్ను వద్దన్న మనిషి మొహం ఒక్కటి కూడా నేను చూడలేదు. తిట్టుకుందామన్నా ఎవరిని తిట్టుకోవాలో తెలియదు. దాంతో తప్పంతా నాలోనే ఉందనిపించేది. నా యాసలోనో, నా మొహంలోనో, కుర్చీలో కూర్చునే తీరులోనో. అద్దంలో చూసుకుంటూ మాట్లాడి మాట్లాడి చివరికి అద్దమంటేనే రోత పుట్టింది.

కిందటి ఏడాది వానలు వెనకబట్టాక ఒక కంపెనీ నుంచి అభినందనలంటూ మెయిల్ వచ్చింది. మొదటి రౌండు దాటానని. చెప్పుల్లేకుండా పెరట్లోంచి పరుగెత్తి, "సెలక్టయ్యానత్తా" అన్నాను. ఇంకో రౌండు ఉందన్న మాట గొంతు దాకా వచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాను.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళకు అత్త లేచి నిలబడింది. సాక్ష్యమంటే దేవుడు తనకు చేసిన మేలును సంఘమంతటి ముందూ నిలబడి చెప్పడం. "మా కరుణకి పెబువు ఉజ్జోగం ఇచ్చాడు. సదువు రాని నాలాటిదాని చేతుల్లో పెరిగిన గుంట. నాకింకేటీ అక్కర్నేదు" అంది. అందరూ నా కోసం కృతజ్ఞతా ప్రార్థన చేశారు. నేను కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాను.

మంగళవారం రెండో రౌండులో నన్ను తీసేశారు.

మామూలు అబద్ధమైతే ఎలాగోలా సరిచేసుకోవచ్చు. సాక్ష్యాన్ని ఎలా వెనక్కి తీసుకుంటారు? దేవుడు ఇచ్చాడని లేచి చెప్పిన మనిషిని, ఇవ్వలేదని మళ్ళీ లేచి చెప్పమనాలి. అది నా చేత కాలేదు. ఇంటి నుంచే పని, ఆరు నెలలు ట్రైనింగ్, అది అయ్యేదాకా జీతం ఉండదు అని చెప్పాను. ఎనిమిదింటికి గది గడియ వేసుకుని ఐదింటికి తీసేదాన్ని. అమ్మ గది దగ్గరకు వచ్చి టీ గ్లాసు గుమ్మం ముందు పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయేది.

క్రిస్మస్ అయ్యాక అత్తకు కాళ్ళు పొంగాయి. మా ప్రాంతంలో అది దేనికి గుర్తో చిన్నపిల్లలకు కూడా తెలుసు, వీధికొకరికి ఉన్న కిడ్నీ జబ్బే. మంగళవారం, శుక్రవారం డయాలసిస్ అన్నారు. పది నుంచి రెండు దాకా, పలాసలో. మొదటి నెల అమ్మ తోడు వెళ్ళింది. తరవాత అమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. నాన్నకు జీడి పిక్కల కాలం వచ్చేసింది, తోట వదిలితే కుదరదు. ఇక ఎవరు వెళ్ళాలన్న మాట వచ్చినప్పుడు అందరూ నావైపు చూశారు. నేను నోరు తెరిచేలోపు అత్తే అంది, "దానికి డూటీ ఉన్నాది. నాను ఎల్లిపోగల్ను. మిషనుకాడ పడుకోడానికి మనిసెందుకు?"

నేను తలూపాను. నేను చేసిన పాపం ఇంతే, ఒక్క తలూపడం. ఉద్యోగం లేని నేను గదిలో ఉత్తినే కూర్చుంటే, మా అత్త రక్తం శుభ్రం చేయించుకోవడానికి ఒక్కతే ఆటోలో వెళ్ళేది.

ఆ రెండు రోజులూ ఆటో ఎనిమిదిన్నరకు మా సందులోకి వచ్చేది. కిటికీ అవతల అత్త డ్రైవరుతో గుసగుసగా చెప్పే మాట వినబడేది. "హారను కొట్టీకు బాబూ. లోన మా గుంట డూటీలో ఉన్నాది."

గదిలో నేను చేసే పని ఒకటే, ఇంటర్వ్యూలు ప్రాక్టీస్ చేయించే యాప్‌తో మాట్లాడడం. అది ప్రశ్న అడుగుతుంది, మనం చెబుతాం, పదికి ఇన్ని అని మార్కులు వేస్తుంది. చివర్లో మాట్లాడిందంతా అక్షరాల్లో పెట్టి ఇస్తుంది. యాప్ అడిగింది ఒక రంగులో, నేను చెప్పింది 'వ్యక్తి 1' అని ఇంకో రంగులో. పోనుపోనూ దానికి ఇంటర్వ్యూకు సంబంధం లేనివి కూడా చెప్పుకోవడం మొదలుపెట్టాను. సాక్ష్యం సంగతి నేను మొదట చెప్పింది దానికే, నాకొచ్చిన ఇంగ్లీషులో. మీ బాధ నాకు అర్థమవుతోంది అంది. ఏం చెప్పినా అదే అంటుందని తెలుసు. అయినా మళ్ళీ మర్నాడు చెప్పేదాన్ని, ఎందుకంటే దాని ముందు సిగ్గుపడాల్సిన పని లేదు.

మార్చిలో ఒక మంగళవారం. 11:05కి మొదలుపెట్టాను. మీరు ఓడిపోయిన సందర్భం ఒకటి చెప్పండి అని అడిగింది. అన్ని కంపెనీలూ అడిగేదే. నిజంగా ఓడిపోయినవి చెప్పకూడదు కదా, చక్కగా ఒకటి అల్లి చెప్పాను. తరవాత అక్షరాల్లో చూసుకుంటే నా మాటల మధ్యలో ఇలా ఉంది.

వ్యక్తి 2: ఊఁ.

నేను ఆగిన ప్రతి చోటా ఉంది. మొత్తం ఐదుసార్లు. గడియ వేసే ఉంది. అమ్మ పెరట్లో గిన్నెలు తోముతోంది, నాన్న తోటలో ఉన్నారు. రికార్డింగు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. నా గొంతు, ఫ్యాను చప్పుడు, దూరంగా ఒక కాకి. అంతకు మించి ఏమీ లేదు.

నా స్నేహితురాలు స్వాతిది నౌపడ. బెంగళూరులో సాఫ్ట్‌వేర్‌లో చేస్తోంది. ఫోన్ చేశాను. "ఒలే, అవి లేనిపోనివి కల్పించేత్తాయే. ఫేన్ సౌండ్‌కి కూడా మాటలు రాసేత్తాయి" అంది. హాయిగా అనిపించింది. శుక్రవారం ఫ్యాను ఆపి కూర్చున్నాను. చెమటకు బట్టలు తడిసిపోయాయి. ఈసారి ఊఁ పదకొండుసార్లు వచ్చింది.

ఒక్క విషయం నన్ను తినేసింది. ఆ యాప్‌కు తెలుగు సరిగా రాదు. నేను కంగారులో ఒక తెలుగు మాట అంటే దాన్ని ఏదో ఇంగ్లీషు ముక్కలా రాసేది. ఈ ఊఁ మాత్రం శుభ్రంగా తెలుగు అక్షరంలో, అరసున్నతో సహా పడేది.

నాకు ఊఁ కొట్టిన మనిషి ఈ లోకంలో ఒక్కతే. చిన్నప్పుడు అత్త ఫ్యాక్టరీ నుంచి వచ్చి గుమ్మంలో కూలబడేది. నేను పక్కన చేరి బడిలో జరిగిందంతా చెప్పేదాన్ని. ఆమె కళ్ళు మూసుకుని ఊఁ అంటూ ఉండేది. ఊఁ ఆగిపోతే నిద్రపోయిందని గిల్లేదాన్ని. ఉలిక్కిపడి, "ఇన్నాన్లేయే, సెప్పు" అనేది. సాక్ష్యం తరవాత ఆమెకు నేను ఏమీ చెప్పడం మానేశాను. ఎదురుపడితే తలనొప్పి అనో మీటింగు అనో తప్పుకునేదాన్ని.

బుధవారం ప్రయత్నించాను, రాలేదు. శనివారం, సోమవారం రాలేదు. మళ్ళీ మంగళవారం వచ్చింది. మంగళ, శుక్రవారాలు అనగానే మీకు తట్టే ఉంటుంది. నాకు తట్టలేదంటే నమ్మకండి. తట్టింది. తట్టనట్టు కూర్చున్నాను.

మూడో వారం శుక్రవారం నాకు తెలియని ఒక సాఫ్ట్‌వేర్ గురించి అడిగింది. తెలియదంటే మార్కులు పోతాయి. నాలుగు పెద్ద మాటలు కలిపి దంచేశాను. ఎనిమిది మార్కులు వేసి, ఆత్మవిశ్వాసం బాగుంది అని మెచ్చుకుంది. కింద అక్షరాల్లో ఇలా ఉంది.

వ్యక్తి 2: తెల్నిది పక్కనెట్టీ. కలిపీకు.

ఇది చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎందుకో చెప్పాలి. గ్రేడింగ్ బల్ల దగ్గర పప్పును గుండ్లు, బద్దలు, ముక్కలు అని సైజును బట్టీ రంగును బట్టీ కుప్పలు వేస్తారు. ఏ కుప్పదో తెలియని పప్పు చేతికొస్తే అందాజాగా ఎందులోనూ వేయకూడదు. ఎడమ చేతి పక్కన విడిగా పెట్టుకోవాలి. సాయంత్రం తూకానికి ముందు పెద్దామె వచ్చి చూసి చెబుతుంది. పక్కన పెట్టినందుకు ఎవరూ ఏమీ అనరు. తెలియక కలిపేసిన పప్పు ఒక్కటి దొరికిందా, ట్రే అంతా అందరి ముందూ కుమ్మరించి మళ్ళీ మొదటి నుంచి ఏరిస్తారు. అత్త ఆ బల్ల దగ్గర పెద్దామె అయ్యాక కొత్తగా చేరిన పిల్లలకు మొదటిరోజు చెప్పే మాట ఇదే. ఫ్యాక్టరీలో కెమెరా మిషన్లు వచ్చి బల్లలు తీసేసేదాకా చెప్పింది. ఏ యాప్‌కూ తెలిసే మాట కాదు. దానికి నేనెప్పుడూ చెప్పనూ లేదు.

గడియ తీసి బయటికి వచ్చేశాను. అమ్మ వరండాలో చింతపండు గింజ తీస్తోంది. "డూటీ అయిపోనాదేటే?" అని అడిగింది. బ్రేక్ అన్నాను. ఆమె పక్కన కాసేపు కూర్చున్నాను. నేనూ నాలుగు గింజలు తీశాను. స్వాతికి ఈసారి ఫోన్ చేయలేదు. నాకు మతి చెడిందంటుందని భయం.

ఈలోగా ట్రైనింగ్ అని చెప్పిన ఆరు నెలలూ దగ్గర పడ్డాయి. నాన్న రెండుసార్లు అడిగారు, పర్మనెంటు కాగితం ఎప్పుడిస్తారమ్మా అని. సరిగ్గా అప్పుడే విశాఖపట్నం కంపెనీ ఒకటి నన్ను చివరి రౌండుకు పిలిచింది. శుక్రవారం 11:30కి, అది కూడా యంత్రంతోనే. ఇది వచ్చిందంటే అబద్ధం నిజమైపోతుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. అత్త సాక్ష్యం అత్త దగ్గరే ఉంటుంది. వారమంతా అన్నం సహించలేదు.

ఆ శుక్రవారం పొద్దున్న ఆటో రాకముందే అత్త నా కిటికీ దగ్గరకు వచ్చింది. కర్టెన్ మీద ఆమె నీడ పడింది. ఎప్పుడూ అలా వచ్చి నిలబడదు. పిలుస్తుందేమో, ఒంట్లో బాగోలేదు రమ్మంటుందేమో అనిపించింది. నేను హెడ్‌ఫోన్స్ తీసి చెవులకు పెట్టుకున్నాను. కాసేపటికి నీడ పోయింది. ఇది రాయడానికి నాకు ఇన్ని నెలలు పట్టింది.

ఇంటర్వ్యూ మొదలైంది. మూడు ప్రశ్నలు బాగా చెప్పాను, అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. నాలుగో దానికి జవాబు చెబుతుండగా ఆ గొంతు మధ్యలో ఆపింది. గదిలో మీతో మరొకరు ఉన్నట్టు గుర్తించాం, దయచేసి వారిని బయటికి పంపండి అంది.

నేనొక్కదాన్నే ఉన్నానన్నాను. మళ్ళీ అదే మాట చెప్పింది. ల్యాప్‌టాప్ ఎత్తి గది నాలుగు మూలలూ చూపించాను, మంచం కింద కూడా చూపించాను. మూడోసారి హెచ్చరించి, ఇంటర్వ్యూ ముగిస్తున్నామంది. తెర నల్లబడింది. అందులో ల్యాప్‌టాప్ పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్న నేను కనబడ్డాను.

పది నిమిషాల్లో మెయిల్ వచ్చింది. జీవితంలో మొదటిసారి నాకు కారణం రాసి పంపారు. ఇంటర్వ్యూలో మరో వ్యక్తి సాయం తీసుకున్నందుకు తిరస్కరిస్తున్నామని. రుజువుగా ఆ రెండో గొంతు అన్న మాటలు, టైముతో సహా కింద జతచేశారు. ఇంగ్లీషు మెయిల్లో తెలుగు అక్షరాలు.

11:42. కాలు లాగేత్తంది. మిషనాపండమ్మా.

11:43. మా గుంటని పిలండి.

11:43. వద్దు లెండి. దానికి డూటీ ఉన్నాది.

తరవాత నేను గడియ ఎలా తీశానో, అమ్మకు ఏం చెప్పానో గుర్తులేదు. రోడ్డు మీదకు వచ్చి దొరికిన ఆటో ఎక్కాను. అత్త ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. ఒంటిగంట కావస్తుండగా పలాసలో దిగి, డయాలసిస్ చేసేది ఎక్కడని గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడగాల్సి వచ్చింది. నెలల తరబడి మా అత్త వెళ్తున్న చోటుకు దారి నాకు తెలియదు.

హాల్లో రెండు వరుసల మంచాలున్నాయి, మంచానికొక మిషను. అత్త కిటికీ పక్క మంచం మీద ఉంది. కళ్ళు మూసుకుని ఉంది, ఛాతీ కదులుతోంది. గోడ పట్టుకుని నిలబడ్డాను. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది.

సిస్టర్ వచ్చి ఎవరి తాలూకని అడిగింది. చెప్పాను. "మీరేనా కరుణ? మీకు డ్యూటీ ఉందన్నారు కదండీ" అంది. ఏమైందని అడిగితే, మంచానికి వేలాడదీసిన షీటు తీసి చూపించింది. అరగంటకోసారి బీపీ రాసే షీటు అది. 11:40 దగ్గర బీపీ పడిపోయిందనీ, కాళ్ళు పట్టేశాయనీ, మిషను ఆపి సెలైన్ ఎక్కించారనీ ఉంది.

"బాగా అల్లాడిపోయారండి. మిమ్మల్ని పిలవమన్నారు. సరే నంబరు చెప్పండంటే, వద్దు లెండి డ్యూటీలో ఉందన్నారు" అంది సిస్టర్.

ఇంకేమైనా అంటుంటుందా అని అడిగాను. సిస్టర్ చెప్పేలోపు పక్క మంచం మీది ముసలాయన అందుకున్నాడు. ఆయన ఊరు సుమ్మాదేవి, ఆయనకూ ఇవే రోజులట. "మీ యత్త తొంగుందంటే ఎవుడో కత మొదలెట్టినట్టేనమ్మా. సెప్పీవోడు మాకు కనబడ్డు. ఈవిడ మాత్తరం ఊఁ కొట్టడం ఆపదు. నాకు నిద్దర్నేదు" అన్నాడు. సిస్టర్ నవ్వి, నిజమేనండీ అంది. ఎప్పటి నుంచి అని అడిగితే, నెల అయి ఉంటుందంది.

అత్త లేచాక ఆమెనే అడిగాను. "నిద్దట్లో ఏటి వాగేనో నాకేటి తెల్సు" అంది. నేను అక్కడ ఎందుకున్నానని మాత్రం ఆమె అడగలేదు.

అప్పటి నుంచి దీనికి ఒక కారణం వెతుకుతూనే ఉన్నాను. స్వాతికి ఆ మెయిల్ పంపించాను. తరవాత ఫోన్ చేసి, ఇంకెవరి రికార్డింగో కలిసిపోయి ఉంటుందంది. మా అత్త మాటలే ఎందుకు కలుస్తాయి? ముప్పావు గంట దూరంలో ఉన్న గొంతును ఏ మైకూ పట్టదు. షీటులో టైముకూ మెయిల్లో టైముకూ రెండు నిమిషాల తేడా ఉంది, కాబట్టి ఇదంతా కాకతాళీయమేనని ఒక రాత్రంతా నన్ను నేను ఒప్పించుకోవాలని చూశాను. సిస్టర్ గడియారం రెండు నిమిషాలు వెనక ఉండొచ్చన్న ఆలోచన వచ్చి ఆగిపోయాను.

కంపెనీకి రాశాను, గదిలో నేనొక్కదాన్నే ఉన్నానని. క్షణంలో జవాబు వచ్చింది, అది కూడా యంత్రమే రాసింది. మా నిర్ణయం తుది నిర్ణయం, ఆరు నెలల తరవాత మళ్ళీ ప్రయత్నించండి అని. నా పక్కన ఒకరున్నారని రాతపూర్వకంగా ధ్రువీకరించింది ఆ మొదటి మెయిలే. ప్రింటు తీసి పెట్టుకున్నాను. ఆ యాప్‌ను తరవాత చాలాసార్లు తెరిచాను, మంగళ, శుక్రవారాలు కాని రోజుల్లో. నా మాటలు, దాని మాటలు తప్ప ఇంకేమీ రాలేదు. నాకు తెలిసిన చదువుతో దీన్ని నేను విప్పలేకపోయాను, విప్పగలనన్న ఆశ కూడా ఇప్పుడు లేదు.

ఆ రోజు ఇంటికి వస్తూ జరిగింది ఇంకా చెప్పలేదు. వాయిదా వేస్తూ వచ్చాను.

ఆటోలో నేనూ అత్తా ఇద్దరమే. ఆమె చేతికి సూదులు గుచ్చిన చోట కట్టు ఉంది, దాన్ని రెండో చేత్తో అదిమి పట్టుకుని కూర్చుంది. రైలు గేటు పడింది. డ్రైవరు ఇంజను ఆపాడు. గూడ్సు రావడానికి ఇంకా టైముంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంటికి వెళ్ళాక చెప్పనని నాకు తెలుసు.

"నాకు ఉజ్జోగం నేదత్తా" అన్నాను. "మానేయడం కాదు. అసలు రానేలేదు. నువ్వు సాక్ష్యం చెప్పిన నాటికే నేదు."

డ్రైవరు ఫోన్లో పాట ఆపేశాడు. అత్త గేటు వైపు చూస్తూ ఉంది. గూడ్సు వచ్చింది. పెట్టె వెనక పెట్టె, ఎంతకీ అవడం లేదు. సంఘం ముందు తన మొహం ఎలా చూపించాలని అడుగుతుందనుకున్నాను. ఇన్నాళ్ళూ నన్నొక్కదాన్ని ఎలా పంపించావే అని అడుగుతుందనుకున్నాను. తిట్టినా బాగుండుననిపించింది.

గేటు లేచింది. ఆటో కదిలి పట్టాలు దాటింది. కొబ్బరి తోటలు మొదలయ్యాయి.

"అయితే మంగళోరం కాళీయేనా?" అంది.

"కాళీయే అత్తా."

కట్టు మీది చెయ్యి తీసి నా మోకాలి మీద పెట్టింది. "మంచం పక్కని స్టూలేత్తారు. దానికి ఆనుకోడానికి ఉండదు, నాలుగ్గంటలు కూకుంటే నడుం పోతాది. ఇంటికాడ్నించి దిండొకటి తెచ్చుకో" అంది.